దేవుడి దగ్గర మారాం చేసిన హోనీ

నమస్తే అండీ. ముందు ఒక వాన కథ చెబుతాను. దాదాపు 2,100 ఏళ్ల కిందటి మాట. యెరూషలేము ప్రాంతంలో వానల్లేవు. జనం హోనీ అనే భక్తుడి దగ్గరికి వచ్చి ప్రార్థించమన్నారు. ఆయన మొదట అన్న మాటేంటో తెలుసా? "బయట పెట్టిన పస్కా పండగ పొయ్యిలు లోపల పెట్టుకోండి, కరిగిపోతాయి." మట్టి పొయ్యిలు కదా! అంత నమ్మకం ఆయనకి.

ప్రార్థించాడు. చినుకు పడలేదు. అప్పుడు నేల మీద గుండ్రంగా గీత గీసి, మధ్యలో నిలబడ్డాడు. నీ పిల్లల మీద దయ చూపేదాకా ఇక్కణ్ణించి కదలనని దేవుడి పేరు మీదే ఒట్టేశాడు. తుంపర మొదలైంది. "నేనడిగింది ఇది కాదు, గుంటలూ బావులూ నిండాలి" అన్నాడు. కుండపోతగా పడింది. "ఇదీ కాదు, మేలు చేసే వాన కావాలి" అన్నాడు. అప్పుడు సరిగ్గా కురిసింది.

క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూదుల ధర్మ గ్రంథం మిష్నాలో ఉందీ కథ. నన్ను కట్టిపడేసింది దీని చివరి భాగం. అప్పటి పెద్దాయన షిమోన్ బెన్ షెతాఖ్ హోనీకి కబురు పంపాడు: నువ్వు హోనీవి కాకపోయుంటే నిన్ను వెలివేసేవాణ్ణి. కానీ ఏం చేయను? తండ్రి దగ్గర కొడుకు మారాం చేసినట్టు చేస్తావు, ఆయనేమో నువ్వడిగింది ఇచ్చేస్తాడు!

చనువిస్తే చంకెక్కాడన్న కోపం ఇందులో ఉంది. ఆ చనువు నిజమైనదేనన్న ఒప్పుకోలూ ఉంది. మిష్నా రెండింటినీ అలాగే ఉంచింది. అది నాకు చాలా ఇష్టం.

మరి హోనీలు కాని మామూలు మనుషుల సంగతి? శుక్రవారం పొద్దుగూకక ముందే యూదుల ఇంట్లో దీపాలు వెలిగించి, చేతులతో కళ్లు మూసుకుని, "బారూఖ్ అత్తా" అని మొదలుపెడతారు. నువ్వు స్తుతింపదగినవాడివి అని. అత్తా అంటే నువ్వు. మనమూ దేవుణ్ణి మీరు అనం కదా, నువ్వనే అంటాం. వెంటనే వచ్చే దేవుడి నాలుగక్షరాల పేరును మాత్రం ఉన్నదున్నట్టు పలకరు, అదోనాయ్, అంటే ప్రభువు, అంటారు. ఇంకాస్త ముందుకెళ్తే "తన ఆజ్ఞలతో మమ్మల్ని పవిత్రం చేసినవాడు" అని వస్తుంది. నువ్వు అన్న నోటితోనే, అదే వాక్యంలో, ఆయన అంటున్నారు. దగ్గరికి వెళ్లి అడుగు వెనక్కి వేసినట్టు.

అమీదా అనే ప్రార్థనలో ఆ అడుగులు నిజంగానే వేస్తారు. మూడడుగులు ముందుకేసి, పాదాలు జోడించి నిలబడి, తమకు మాత్రమే వినపడేంత మెల్లగా ప్రార్థిస్తారు. అయ్యాక రాజు దగ్గర సెలవు తీసుకున్నట్టు మూడడుగులు వెనక్కి వేసి, ముందు ఎడమవైపుకి, తర్వాత కుడివైపుకి వంగుతారు. ముందు ఎడమకెందుకు? మిష్నా మీద పండితుల చర్చలున్న తల్మూదు అనే గ్రంథంలో అబాయే అనే పండితుడు ముందు కుడివైపుకి వంగితే, రావా అనే పండితుడు సరిదిద్దాడు: నీ కుడి అనుకున్నావా? నీ ఎడమ వైపు, అదే ఆయనకు కుడి.

అంటే దేవుడు మనకు ఎదురుగా, ముఖాముఖి నిలబడి ఉన్నాడన్నమాట.