తలకిందులుగా వేలాడే బిళ్ల: సూపర్ కండక్టర్ లోపలి సుడులు

[తెరపై: అయస్కాంతం కింద వేలాడుతున్న నల్ల బిళ్ల, చుట్టూ తెల్లటి పొగ]

పైన అయస్కాంతం, కింద ఈ నల్ల బిళ్ల. మధ్యలో ఏమీ లేదు. సూపర్ కండక్టర్, అంటే బాగా చల్లబరిస్తే కరెంటుకు ఏమాత్రం నిరోధం చూపని పదార్థం, అయస్కాంత క్షేత్రాన్ని బయటికి తోసేస్తుందని చదువుకున్నాం కదా. తోయడం ఒక్కటే అయితే ఇది ఎప్పుడో కింద పడాలి. మరి దీన్ని పట్టి ఉంచిందేమిటి?

ఈ బిళ్ల వైబీసీవో అనే సూపర్ కండక్టర్. ఇట్రియం, బేరియం, రాగి, ఆక్సిజన్ కలిసిన పింగాణీ లాంటి పదార్థం. 1987లో బయటపడింది. సుమారు 92 కెల్విన్ దగ్గరే సూపర్ కండక్టర్ అవుతుంది కాబట్టి, 77 కెల్విన్ (సుమారు మైనస్ 196 డిగ్రీల సెల్సియస్) ఉండే ద్రవ నైట్రోజన్ పోస్తే చాలు.

క్షేత్రం ఒక హద్దు దాటితే ఇది పూర్తిగా అడ్డుకోలేదు, సన్నటి గీతల్లా లోపలికి రానిస్తుంది. ఒక్కో గీత చుట్టూ కరెంటు సుడి తిరుగుతుంది. 1957లో భౌతిక శాస్త్రవేత్త అబ్రికోసోవ్ ప్రచురించిన సిద్ధాంతం ఇదే.

[యానిమేషన్: ఒక సుడి, దగ్గరగా]

నడిమధ్య ఒకటి రెండు నానోమీటర్ల మేర సూపర్ కండక్టివిటీ ఉండదు. దాని అయస్కాంత క్షేత్రం మాత్రం సుమారు 150 నానోమీటర్ల దాకా పరుచుకుంటుంది. ప్రతి సుడిలో ఉండే ఫ్లక్స్, అంటే దాని గుండా పోయే మొత్తం అయస్కాంత క్షేత్రం, ఒకటే, ఎక్కువా తక్కువా ఉండదు. 1 టెస్లా (క్షేత్ర బలానికి కొలమానం) క్షేత్రంలో చదరపు మిల్లీమీటరుకు దాదాపు 48 కోట్ల సుడులు! అంత ఇరుకులో ఒకదాన్నొకటి నెట్టుకుంటూ త్రికోణాల వరసలో సర్దుకుంటాయి.

ఇబ్బంది ఎక్కడంటే, కరెంటు పంపగానే అది సుడుల్ని పక్కకు తోస్తుంది. సుడి కదిలిందా, వోల్టేజీ పుడుతుంది, వేడి పుడుతుంది. సున్నా నిరోధం పోయినట్టే. పైగా ఈ ఉష్ణోగ్రతల్లో సుడులు వేడికే ఊగిపోతాయి. బిస్మత్ లోహం కలిసిన సూపర్ కండక్టర్లలోనైతే పొరపొరకీ విడిపోయి, ఆ వరస మంచులా కరిగిపోతుంది కూడా.

అందుకే పదార్థంలో లోపాలు కావాలి. అవును, కావాలనే పెడతారు! సూపర్ కండక్టివిటీ లేని చోట సుడి కూర్చుంటే దానికి శక్తి ఖర్చు తక్కువ, అక్కడే చిక్కుకుంటుంది. మన బిళ్లనూ అయస్కాంతం దగ్గర ఉంచే చల్లబరిచారు. సుడులు చిక్కుకున్నాయి, ఇక బిళ్ల కదలాలంటే వాటిని పీకాలి. అందుకే పడదు.

ఈ పదార్థాన్ని పల్చటి పూతగా వేసి చేసే టేపుల్లో, సుడుల్ని పట్టి ఉంచడానికి బేరియం జిర్కొనేట్ అనే మరో పదార్థపు నానో స్తంభాలు పెంచుతారు. ఈ కుటుంబపు టేపులతోనే 2021 సెప్టెంబరులో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం, కామన్‌వెల్త్ ఫ్యూజన్ సిస్టమ్స్ అనే కంపెనీ కలిసి 20 టెస్లా అయస్కాంతం నడిపించాయి. అయితే స్తంభాలు తమ వరుసలో వచ్చే క్షేత్రానికే గట్టి పట్టునిస్తాయి. క్షేత్రం వాలితే పట్టు సడలుతుంది. అందుకే స్తంభాలతో పాటు గుండ్రటి నానో కణాలనూ కలిపి చూస్తున్నారు.