వెలి వేసేవాడు కారణం చెప్పక్కర్లేదా?

(2025 నవంబరు 26న కనిగిరిలో జరిగిన రాజ్యాంగ దినోత్సవ సభలో చేసిన ప్రసంగం)

అధ్యక్షులవారికి, వేదిక మీదున్న పెద్దలకు, ప్లాస్టిక్ కుర్చీల్లో ఓపిగ్గా కూర్చున్న మీ అందరికీ నమస్కారం. పేర్లన్నీ చదివితే పావుగంట పోతుంది. ఒకటి మరిచిపోతే ఆరు నెలలు మాటలుండవు. అందుకని ఎవరి పేరూ చదవను.

కరపత్రంలో నా అంశం 'రాజ్యాంగం – పౌరుల విధులు' అని వేశారు. విధుల గురించి చెప్పేవాళ్ళు మనకు కావలసినంత మంది ఉన్నారు, నేనొకణ్ణి తగ్గితే నష్టం లేదు. నేను వెలి గురించి మాట్లాడతాను. అధ్యక్షులవారు నా వైపు చూస్తున్నారు. చూడనివ్వండి.

పల్లెల్లో వెలి అంటే ఏమిటో యాభై దాటినవాళ్ళకు చెప్పే పనిలేదు. కొట్టరు, తిట్టరు. నిప్పివ్వరు, నీళ్ళివ్వరు, పెళ్ళికి పిలవరు, చావుకు రారు. నా చిన్నప్పుడు మా పక్క ఊళ్ళో ఒకాయన్ని వెలేశారు. ఏం చేశాడయ్యా అంటే, చెరువు పనుల డబ్బుకు ఊరి పెద్దను లెక్క అడిగాడు. లెక్క అడగడం నేరమని ఏ చట్టంలోనూ లేదు, కాబట్టి శిక్ష వేయడం కుదరదు. వెలి వేయడం మాత్రం కుదురుతుంది. కిటుకంతా అక్కడే ఉంది. శిక్ష వేయాలంటే నేరం చూపించాలి, సాక్షిని తేవాలి, అవతలివాడు చెప్పేది వినాలి. వెలి వేయాలంటే 'వీడు ఇక్కడుండటం మాకు ఇష్టం లేదు' అంటే సరిపోతుంది. ఆయన ఆ ఏడే భార్యాపిల్లల్ని తీసుకుని గుంటూరు వైపు వెళ్ళిపోయాడు. చెరువు లెక్క ఈ రోజుకీ తేలలేదు.

ఇప్పుడు అమెరికా. నవ్వకండి. కొడుకో, కూతురో, అల్లుడో అక్కడ ఉన్నవాళ్ళు చేతులెత్తమంటే ఈ హాల్లో ఎన్ని చేతులు లేస్తాయో నాకు తెలుసు.

మహమూద్ ఖలీల్ అని ఒక కుర్రాడు. పాలస్తీనా కుటుంబం. న్యూయార్కులో కొలంబియా యూనివర్సిటీలో చదివాడు. గాజా యుద్ధం ఆపమని విద్యార్థులు క్యాంపస్‌లో టెంట్లు వేసుకుని కూర్చున్నప్పుడు, వాళ్ళ తరఫున యాజమాన్యంతో మాట్లాడింది ఇతనే. గ్రీన్‌కార్డు ఉంది. భార్య అమెరికా పౌరురాలు, అప్పటికి నిండు గర్భిణి. 2025 మార్చి 8 రాత్రి ఇంటి దగ్గర పట్టుకున్నారు. న్యూజెర్సీ తీసుకెళ్ళారు. అక్కడి నుంచి లూసియానాలో జెనా అనే చిన్న ఊరి డిటెన్షన్ సెంటర్‌కు తరలించారు. మన లెక్కలో చెప్పాలంటే కనిగిరిలో ఎత్తుకుని, ఒంగోలు చూపించి, ఢిల్లీ అవతల దించారు.

అంత దూరం ఎందుకు? ఇక్కడ కొంచెం ప్లీడరు బుర్రతో వినండి. హెబియస్ కార్పస్ పిటిషన్, అంటే బంధించిన మనిషిని కోర్టు ముందుకు తెచ్చి కారణం చెప్పమనే పిటిషన్, సాధారణంగా మనిషి ఎక్కడ బందీగా ఉంటే అక్కడి కోర్టులో వేయాలి. మనిషిని కదిలిస్తే కోర్టు మారుతుంది, కోర్టు మారితే జడ్జి మారతాడు. ఖలీల్ లాయర్లు తెల్లవారుజామునే న్యూయార్కులో పిటిషన్ వేసేశారు. ఆ వేళకు అతను న్యూజెర్సీలో ఉన్నాడని తేలి, కేసు న్యూజెర్సీకి వెళ్ళింది. లూసియానాకు పోలేదు. కోడి కూయకముందు పడిన ఆ కాగితం ఎంత పని చేసిందో చూడండి. మేమైతే పదిన్నరకు గాని కోర్టు మెట్లెక్కం. ఆ సంగతి వేరే.

నేరమేమిటి? క్రిమినల్ కేసు ఒక్కటీ లేదు. వాళ్ళ 1952 నాటి వలస చట్టంలో ఒక సెక్షన్ ఉంది. ఫలానా విదేశీయుడు ఇక్కడుంటే అమెరికా విదేశాంగ విధానానికి గట్టి దెబ్బ తగులుతుందని వాళ్ళ విదేశాంగ మంత్రి అనుకుంటే పంపేయవచ్చు. మంత్రి రెండు పేజీల కాగితం రాశాడు, అంతే. తర్వాత గ్రీన్‌కార్డు దరఖాస్తులో వివరాలు దాచాడని ఇంకొకటి తగిలించారు. మొత్తం 104 రోజులు లోపల ఉంచారు. ఏప్రిల్‌లో కొడుకు పుడితే వెళ్ళి చూడనివ్వలేదు. జూన్ 20న న్యూజెర్సీ ఫెడరల్ జడ్జి విడిచిపెట్టమన్నాడు. కేసు ఇంకా నడుస్తూనే ఉంది.

ఇంకొక సంగతి మన పేపర్లలో సరిగా రాలేదు. అక్కడ ఇమ్మిగ్రేషన్ జడ్జి అని ఒకాయన ఉంటాడు. నల్లకోటు వేసుకుంటాడు, బల్ల మీద కొడతాడు. ఆయన స్వతంత్ర న్యాయవ్యవస్థలో మనిషి కాడు. అటార్నీ జనరల్, అంటే మన లెక్కలో న్యాయశాఖ మంత్రి, కింద పనిచేసే ఉద్యోగి. తహసీల్దారు ఇచ్చిన నోటీసు బాగుందో లేదో తహసీల్దారు ఆఫీసులోనే ఇంకొక గదిలో తేల్చినట్టు. అందుకే ఆ లాయర్లందరూ ప్రభుత్వం కింద లేని ఫెడరల్ జడ్జి దగ్గరకు పరిగెత్తారు. టఫ్ట్స్ యూనివర్సిటీలో చదువుతున్న ఒక టర్కీ అమ్మాయి మరో ముగ్గురితో కలిసి విద్యార్థుల పత్రికలో పాలస్తీనా తరఫున ఒక వ్యాసం రాసింది. ఏడాది తర్వాత ముసుగులు వేసుకున్నవాళ్ళు ఆమెను నడివీధిలో పట్టుకున్నారు. ఆరు వారాలకు వెర్మాంట్‌లో ఒక జడ్జి ఆమెను బయటికి పంపాడు.

సెప్టెంబరు 30న బోస్టన్‌లో విలియం యంగ్ అనే జడ్జి 161 పేజీల తీర్పు రాశాడు. చట్టప్రకారం వచ్చి ఉంటున్న విదేశీయుడికీ మాట్లాడే స్వేచ్ఛ పౌరుడికి ఉన్నంతా ఉందని, నోరు నొక్కడానికే ఈ అరెస్టులు చేశారని అన్నాడు. ఆయన్ను జడ్జిగా వేసింది ట్రంప్ పార్టీకే చెందిన పాత అధ్యక్షుడు రీగన్, కమ్యూనిస్టులు కాదు. ఆయనకు ఎవరో పేరు లేకుండా ఒక కార్డు రాశారట. ట్రంప్ దగ్గర ట్యాంకులున్నాయి, నీ దగ్గరేముంది అని. ఆ కార్డును తీర్పు మొదట్లోనే అచ్చేసి, నా ఒక్కడి దగ్గర కర్తవ్యం తప్ప ఏమీ లేదు, మనందరి దగ్గరా రాజ్యాంగం ఉంది అని జవాబు రాశాడు. నాకూ ఇన్నేళ్ళ ప్రాక్టీసులో ఆకాశరామన్న ఉత్తరాలు చాలా వచ్చాయి. ఒక్కదానికీ అంత బాగా జవాబివ్వలేదు.

ఇదంతా మన ఊరికి కొత్త అనుకుంటున్నారా? దరిశి చెంచయ్య గారి పేరు విన్నవాళ్ళు ఎంతమంది? నాలుగు, అయిదు. అంతే. వెనక ఇంటర్ పిల్లల్లో ఒక్కరూ లేరు. అయ్యా, ఆయనది ఈ కనిగిరే! అప్పుడిది నెల్లూరు జిల్లా. 1912 ప్రాంతంలో, ఓడ ప్రయాణం చేస్తే మైల పడతారనే రోజుల్లో, కాలిఫోర్నియా యూనివర్సిటీకి చదువుకు వెళ్ళాడు. అక్కడ, మన స్వాతంత్ర్యం కోసం అమెరికాలోని భారతీయులు పెట్టుకున్న గదర్ పార్టీలో చేరాడు. ఆ పార్టీకి పెద్ద దిక్కు లాలా హరదయాళ్. 1914 మార్చిలో హరదయాళ్‌ను శాన్‌ఫ్రాన్సిస్కోలో అరెస్టు చేసింది ఎవరనుకున్నారు? వలస శాఖవాళ్ళు. దేశం నుంచి పంపేయాలని. బెయిలు మీద బయటికొచ్చి స్విట్జర్లాండ్ వెళ్ళిపోయాడు. చెంచయ్య గారు తర్వాత యుద్ధకాలంలో దొరికిపోయి ఏళ్ళ తరబడి జైళ్ళలో ఉన్నాడు. నూటపదేళ్ళ కిందటే మన ఊరి కుర్రాడు స్టూడెంటుగా వెళ్ళి సరిగ్గా ఈ గొడవలో నిలబడ్డాడు. ఆయనకు ఈ ఊళ్ళో ఒక మంచి గుర్తు పెట్టమని నేను ఇరవై ఏళ్ళుగా అర్జీలు ఇస్తున్నాను. అది వేరే సభలో మాట్లాడతా. లేదు, ఇక్కడే అంటాను: సిగ్గుచేటు!

అమెరికాను తిడుతుంటే ముందు వరసలో తలలు బాగా ఊగుతున్నాయి. ఇప్పుడు ఆగుతాయి.

2019 డిసెంబరులో మన పక్కనే చెన్నై ఐఐటీలో ఒక జర్మన్ విద్యార్థి పౌరసత్వ చట్టానికి వ్యతిరేకంగా ప్లకార్డు పట్టుకున్నాడు. దేశం వదిలి వెళ్ళమన్నారు, వెళ్ళిపోయాడు. 2020 ఫిబ్రవరిలో కోల్‌కతా జాదవ్‌పూర్ యూనివర్సిటీలో పోలండ్ విద్యార్థికీ అలాంటి నోటీసే వచ్చింది. అతను హైకోర్టుకు వెళ్ళాడు. మార్చి 18న కలకత్తా హైకోర్టు ఆ నోటీసు కొట్టేసింది. మాట్లాడే స్వేచ్ఛ ఇచ్చే మన ఆర్టికల్ 19 విదేశీయుడికి వర్తించదు, నిజమే. ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణ ఇచ్చే ఆర్టికల్ 21 మాత్రం పౌరుడికి అని రాయలేదు, ఏ వ్యక్తికైనా అని రాశారు. ఆ ఒక్క మాట మీద బతికాడు ఆ అబ్బాయి. అయితే 1955లో హాన్స్ ముల్లర్ కేసులో మన సుప్రీంకోర్టే, విదేశీయుణ్ణి పంపేసే అధికారం ప్రభుత్వానికి హద్దుల్లేకుండా ఉందని చెప్పింది. ఆ తీర్పు ఇవాళ్టికీ ప్రభుత్వ లాయర్ల సంచిలో ఉంటుంది. జర్మన్ అబ్బాయికీ పోలండ్ అబ్బాయికీ తేడా ఏమిటంటే ఒకడు విమానం ఎక్కాడు, ఒకడు కోర్టు మెట్లెక్కాడు.

ఇంకా దగ్గరకు వస్తాను. మన జిల్లాకు పేరు పెట్టుకున్న ప్రకాశం పంతులు గారు. 1928లో మద్రాసులో తుపాకీకి ఎదురు రొమ్ము చూపించిన మనిషి. ఆయన బొమ్మకు దండ వేయని సభ మనకు లేదు. ఆ పంతులుగారే మద్రాసు ప్రభుత్వానికి పెద్దగా ఉన్నప్పుడు, 1947 జనవరిలో, ఒక ఆర్డినెన్స్ వచ్చింది. కమ్యూనిస్టులను విచారణ లేకుండా జైళ్ళలో పెట్టారు. దాన్ని ప్రకాశం ఆర్డినెన్స్ అనే పిలిచేవారు. లాలా లజపతిరాయ్‌ని 1907లో మాండలే పంపడానికి తెల్లవాడు వాడిన, విచారణ అక్కర్లేని 1818 రెగ్యులేషన్‌ను జీవితమంతా తిట్టిన తరం వాళ్ళది. కుర్చీలో కూర్చున్నాక చేతికి మొదట తగిలింది అలాంటి కాగితమే. పంతులుగారంటే నాకు గౌరవం. దండ నేనూ వేస్తాను. ఈ సంగతి కూడా చెప్పి వేస్తాను.

ఎమర్జెన్సీ సంగతి క్లుప్తంగా. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు, అన్యాయంగా పట్టుకున్నా సరే ఎమర్జెన్సీలో కోర్టుకు రావడానికి లేదంది. అయిదుగురిలో హెచ్.ఆర్. ఖన్నా ఒక్కడే కాదన్నాడు. మర్నాడు మా సీనియర్ గారు మూడు హెబియస్ ఫైళ్ళకు తాడు కట్టి అటక మీద పెట్టించారు. ఎక్కించింది నేనే, ఇరవై మూడేళ్ళవాణ్ణి. ఆ తీర్పు తప్పని సుప్రీంకోర్టు తేల్చింది 2017లో. నలభై ఒక్క ఏళ్ళు! ఆ మూడు ఫైళ్ళలో మనుషులు అప్పటికి ఎవరూ లేరు.

చీటీ వచ్చింది. అయిదు నిమిషాలట. సరే, అసలు నేను చెప్పాలని వచ్చింది ఇప్పుడు చెబుతాను. పైన చెప్పినదంతా దీన్ని తప్పించుకోవడానికే చెప్పానేమో.

నా మనవరాలికి అమెరికాలో ఎమ్మెస్ సీటు వచ్చింది. నలభై లక్షల లోను, పొలం కాగితాలు బ్యాంకులో. జూన్‌లో అక్కడివాళ్ళు కొత్త రూలు పెట్టారు. స్టూడెంట్ వీసాకు పెట్టుకునేవాళ్ళు సోషల్ మీడియా అకౌంట్లన్నీ అందరికీ కనిపించేలా తెరిచి ఉంచాలి. కన్సల్టెన్సీ అబ్బాయి ఫోన్ చేసి, తాతగారూ, పాప పోస్టులు ఒకసారి చూడండి అన్నాడు. చూశాను. గాజాలో చనిపోయిన పిల్లల గురించి రెండేళ్ళ కిందట నాలుగు లైన్లు రాసింది. కవిత్వమని చెప్పను, గొప్పగా ఏమీ లేదు. ఒక పిల్ల చెప్పు దొరికింది, కాలు దొరకలేదు అని, అంతే.

తీసెయ్ తల్లీ అన్నాను.

ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. అది నాతో వాదించి ఉంటే బాగుండేది. ఆర్టికల్ 19 దానికి ఏడో క్లాసులో నేనే చెప్పాను, అదే నా మీదకు విసిరితే బాగుండేది. ఏమీ అనలేదు. ఫోను నా చేతిలో పెట్టి, "నువ్వే నొక్కు తాతయ్యా" అంది.

కళ్ళజోడు తెచ్చుకున్నాను. తీసేయమంటారా అని ఫోను ఒకసారి అడిగింది. నిజంగానా అని ఇంకొకసారి అడిగింది. రెండుసార్లూ నొక్కాను.

మంత్రి నాకు ఉత్తరం రాయలేదు. ముసుగువాళ్ళు మా ఇంటికి రాలేదు. ఏ జడ్జి దగ్గరకు పోవాలి నేను? ఏ ఊరి కోర్టులో వేయాలి ఆ పిటిషన్? విలియం యంగ్ 161 పేజీలు రాసేసరికి మా ఇంట్లో పని అయిపోయి మూడు నెలలు. 104 రోజులు జైల్లో ఉన్నవాణ్ణి కోర్టు బయటికి తెచ్చింది, సంతోషం. అతన్ని చూసి నోరు మూసుకున్నవాళ్ళు ఏ రికార్డులోనూ లేరు. వాళ్ళ వకాల్తా ఎవరి దగ్గరుంది? ఆ ఇళ్ళలో నాదొకటి. రేపు మీదొకటి కావచ్చు. ఇప్పటికే అయి ఉంటే చెప్పకండి, నేను అడగను.

వీసా వచ్చింది. వెళ్ళింది. బాగా చదువుతోంది.

ఆ వీడియో తీస్తున్న అబ్బాయి ఇందాకటి నుంచి కెమెరా దించాలా వద్దా అని చూస్తున్నాడు. దించనక్కర్లేదు నాయనా. ఈ సంగతి సభలో చెప్పనా అని మొన్న ఆదివారం మనవరాలినే అడిగాను. కాసేపు ఆలోచించింది. పేరు చెప్పకు, ఏ యూనివర్సిటీయో చెప్పకు, ఏ రాష్ట్రమో చెప్పకు, మిగతాది చెప్పు అంది.

చెప్పాను. టీ చల్లారిపోతోంది అధ్యక్షా, నమస్కారం.