గాడ్జిల్లా: ఆ బూడిద రాలిన ఏడాదే వచ్చిన సినిమా

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈసారి 1954 నాటి జపాన్ సినిమా గాడ్జిల్లా గురించి. అన్నా, గాడ్జిల్లా అనగానే బిల్డింగులు కూల్చే పెద్ద జంతువే గుర్తొస్తుంది. నువ్వేమో చూస్తే ఏడుపొస్తుంది అంటావు!

అతిథి: నిజంగానే వస్తుంది. ఆ ఏడాది మార్చి 1న అమెరికా పసిఫిక్ సముద్రంలోని బికినీ దీవుల దగ్గర హైడ్రోజన్ బాంబు పరీక్షించింది. అక్కడికి దూరంగా చేపలు పట్టుకుంటున్న ఒక జపాన్ పడవ మీద ఆ పేలుడు తాలూకు రేడియోధార్మిక బూడిద రాలింది. పడవలో 23 మంది. రేడియో ఆపరేటర్ సెప్టెంబర్‌లో చనిపోయాడు. నవంబర్ 3న సినిమా విడుదలైంది. మొదట్లోనే ఓ ఓడ మంటల్లో మునిగిపోతుంది. అదేంటో హాల్లో వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు.

హోస్ట్: దర్శకుడు ఇషిరో హోండా కూడా యుద్ధం చూసినవాడే కదా.

అతిథి: సైనికుడిగా చైనాలో ఉన్నాడు. ఇంటికి తిరిగొస్తూ హిరోషిమా మీదుగా వెళ్లాడు. అందుకే సినిమాలో గాడ్జిల్లా దాడి అయ్యాక కెమెరాని ఆసుపత్రికి తీసుకెళ్తాడు. ఓ చిన్నపాప దగ్గర రేడియేషన్ కొలిచే గైగర్ కౌంటర్ పెడితే టకటకమంటుంది, డాక్టర్ తల అడ్డంగా ఊపుతాడు. ఇంకో చోట ఓ తల్లి పిల్లల్ని పొదువుకుని, కాసేపట్లో నాన్న దగ్గరికి వెళ్లిపోతాం అంటుంది. మాన్‌స్టర్ సినిమాలో ఇలాంటి మాట నేనింకెక్కడా వినలేదు.

హోస్ట్: మరి ఆ జంతువుని ఎలా చేశారు?

అతిథి: ఎఫెక్ట్స్ చూసిన ఐజి సుబురాయాకి కింగ్ కాంగ్ లాగా స్టాప్ మోషన్‌లో, అంటే బొమ్మని కొంచెం కొంచెం కదుపుతూ ఒక్కో ఫ్రేమ్ తీసి, చేయాలని ఉండేది. అంత టైమ్ లేదు. దాంతో మనిషికి సూట్ తొడిగారు. మొదటి సూట్ సుమారు 100 కిలోలు! లోపల హరువో నకజిమా, పైన స్టూడియో లైట్ల వేడి. చుట్టూ చిన్న సైజు టోక్యో. ఎక్కువ స్పీడ్‌లో షూట్ చేసి మామూలు స్పీడ్‌లో వేస్తే అడుగులు బరువుగా కనిపిస్తాయి.

హోస్ట్: ఆ అరుపు?

అతిథి: సంగీత దర్శకుడు అకిరా ఇఫుకుబే ఆలోచన. డబుల్ బేస్ అనే పెద్ద వయొలిన్ లాంటి వాయిద్యం తీగలు వదులు చేసి, జిగురు పూసిన తోలు గ్లౌజుతో రుద్దారు. తర్వాత టేప్ స్పీడ్ మార్చారు.

హోస్ట్: అమెరికాలో వేరేగా వచ్చిందంటారు?

అతిథి: 1956లో నటుడు రేమండ్ బర్‌ని విలేకరిగా పెట్టి కొత్త సీన్లు కలిపారు, అణుబాంబు ప్రస్తావనలు తగ్గించారు. నాకైతే అది అన్యాయం అనిపిస్తుంది, ఎందుకంటే సినిమా గుండె అక్కడే ఉంది. 2023లో వచ్చిన గాడ్జిల్లా మైనస్ వన్ సినిమా మళ్లీ యుద్ధానంతర జపాన్‌కే వెళ్లి, విజువల్ ఎఫెక్ట్స్‌కి ఆస్కార్ గెలిచింది.

హోస్ట్: మరి కొత్తగా చూసేవాళ్లు దేనితో మొదలుపెట్టాలి?

అతిథి: 1954 జపనీస్ వెర్షన్‌తోనే. సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడండి, ఆసుపత్రి సీన్ మాత్రం ఫార్వర్డ్ చేయకండి.