ఈసీలో కనపడని అప్పు

పెద్దలకు, అన్నలకు, అక్కలకు నమస్కారం.

మన కడపలో రెండు సెంట్ల స్థలం కొనాలన్నా ముందు ఈసీ, అంటే ఆ స్థలం మీద తాకట్టులేమైనా ఉన్నాయేమో చెప్పే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీయిస్తాం. లింకు డాక్యుమెంట్లు వకీలుకు చూపిస్తాం. తాకట్టు ఏమీ లేదని తేలాకే అడ్వాన్సు ఇస్తాం. ఆ నేల కింద ఎవరు ఏం పూడ్చారో మాత్రం ఈసీ చెప్పదు.

అమెరికాలోని నయాగరా ఫాల్స్ పట్టణంలో లవ్ కెనాల్ అని ఒక పాత కాలువ ఉంది. 1942 నుంచి దాదాపు పదేళ్లు హుకర్ అనే కెమికల్ కంపెనీ అందులో సుమారు 21 వేల టన్నుల రసాయన వ్యర్థాలు పోసి పైన మట్టి కప్పింది. 1953లో ఆ స్థలాన్ని స్కూల్ బోర్డుకు ఒక్క డాలరుకు రాసిచ్చింది. కింద రసాయనాలు ఉన్నాయని, రేపు ఎవరికేమైనా తమకు సంబంధం లేదని అదే దస్తావేజులో రాయించుకుంది. ఈ కథ మొత్తంలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఆ ఒక్క షరతు. తెలియక జరిగిన తప్పయితే క్షమించవచ్చు. ఇక్కడ అమ్మినవాళ్లకూ తెలుసు, కొన్నవాళ్లకూ తెలుసు. అయినా బడి కట్టారు, చుట్టూ ఇళ్లు లేచాయి. తెలియనిది ఆ ఇళ్లల్లో పిల్లల్ని పెంచుకున్న వాళ్లకే.

లోయిస్ గిబ్స్ అనే తల్లి కొడుకు ఆ బడిలో చదువుతూ జబ్బు పడ్డాడు. ఆమె ఇంటింటికీ తిరిగి ఎవరికి ఏ జబ్బుందో రాసుకుని, మ్యాపు మీద గుర్తులు పెట్టింది. ఒకప్పుడు వాననీళ్లు పారిన పాత దారుల వెంటే ఆ గుర్తులు గుంపులు కట్టాయి. ఇంట్లో ఉండే ఆడవాళ్ల లెక్కలని అధికారులు కొట్టిపారేశారు. అయినా ప్రభుత్వానికి 1978లో ఒకసారి, 1980లో మరోసారి ఎమర్జెన్సీ ప్రకటించి కుటుంబాలను తరలించక తప్పలేదు. 1980లో సూపర్‌ఫండ్ చట్టం వచ్చింది. స్థలం చేతులు మారినా విషం పోసినవాడి బాధ్యత తీరిపోదని ఆ చట్టం తేల్చింది. హుకర్‌ను కొనుక్కున్న ఆక్సిడెంటల్ కంపెనీ 1995లో 12.9 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది.

ఇప్పుడు మన వేముల మండలానికి వద్దాం. తుమ్మలపల్లి యురేనియం గని వ్యర్థాలు చేరే టెయిలింగ్ పాండ్ దగ్గర కొట్టాల రైతులు తమ బోర్లు, అరటి తోటలు చెడిపోయాయని ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. గని నడిపే సంస్థ కాదంటోంది. ఎవరి మాట నిజమో ఈ వేదిక మీద నేను తేల్చలేను. ఒక్కటి అడుగుతాను. రుజువు చేసే భారం రైతు నెత్తిన ఎందుకుండాలి? నీళ్లలో యురేనియం ఉంటే రంగు మారదు, వాసన రాదు. సీసాలో నీళ్లు పట్టుకుని ఆ రైతు ఎక్కడికి పోవాలి? పోయినా, ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు, మన అణుశక్తి నియంత్రణ మండలి చెప్పింది 60. పరీక్షలో 45 వచ్చిందనుకోండి, ఒక లెక్కలో చెడ్డ నీళ్లు, ఇంకో లెక్కలో మంచి నీళ్లు. తాగే మనిషి మాత్రం ఒక్కడే.

ఈ భారం ఎవరిదో సుప్రీంకోర్టు 1999లోనే చెప్పింది, అదీ అప్పటి మన ఉమ్మడి రాష్ట్రం కేసులోనే. హైదరాబాద్‌కు తాగునీరిచ్చే జంట జలాశయాల దగ్గర ఒక ఫ్యాక్టరీ పెట్టబోయారు. ప్రమాదం లేదని రుజువు చేసుకోవాల్సింది పెట్టేవాడేనని ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు కేసులో కోర్టు స్పష్టం చేసింది.

తీర్పు ఉంటే చాలదు. రాజస్థాన్‌లోని బిచ్ఛ్రీలో బావులు పాడుచేసిన కంపెనీలే ఖర్చు భరించాలని 1996లో తీర్పొచ్చింది. ఆ డబ్బు కోసం 2011లో కోర్టు మళ్లీ వడ్డీతో సహా కట్టమని చెప్పాల్సి వచ్చింది. పదిహేనేళ్లు! ఆ పదిహేనేళ్లూ ఊరివాళ్లు ఏ నీళ్లు తాగాలి?

అందుకే విషం పోసినవాడితో పాటు, పర్మిషన్ మీద సంతకం పెట్టిన అధికారిని, పాత ఫ్యాక్టరీ స్థలంలో వెంచర్ వేయనిచ్చిన వాళ్లను కూడా అడగాలంటాను. కొత్త ఫ్యాక్టరీ గేటు తెరవకముందే చుట్టుపక్కల బోర్ల నీళ్లు పరీక్ష చేయించి, ఆ రిపోర్టు పంచాయతీ ఆఫీసు గోడకు అతికించాలి. అది లేకపోతే పదేళ్ల తర్వాత రైతు తన నీళ్లను దేనితో పోల్చి చూపిస్తాడు? ఈసారి మీ ఊళ్లో పబ్లిక్ హియరింగ్ పెట్టినప్పుడు మైకు అందుకుని ముందుగా ఆ రిపోర్టు చూపించమని అడగండి.