సీసం తీసేస్తే సరిపోదు

అధ్యక్షులకు, వేదికపై పెద్దలకు, సభికులకు నమస్కారం. వ్యవధి తక్కువ కనుక నేరుగా విషయానికి వస్తాను.

ఎండను విద్యుత్తుగా మార్చే పెరోవ్‌స్కైట్ (ఒక ప్రత్యేక స్ఫటిక నిర్మాణం ఉన్న పదార్థం) సౌరఘటాలు 2009లో 3.8 శాతం దక్షతతో మొదలై నేడు 26 శాతం దాటాయి; కానీ ఆ ఘనతంతా సీసం ఉన్న పదార్థాలదే. సౌరపలక పగిలి వాననీరు చేరితే సీసపు లవణాలు కరిగి నేలలోకి దిగుతాయన్న భయమే మనల్ని తగరం వైపు మళ్లించింది. సీసం లేని మరో దారి, సీసానికి బదులు వెండి, బిస్మత్ రెండూ ఉండే ద్వంద్వ పెరోవ్‌స్కైట్లు గట్టివే, కాని వాటి శక్తి అంతరం, అంటే ఎలక్ట్రాన్‌ను కదిలించడానికి వెలుగు ఇవ్వాల్సిన కనీస శక్తి, రెండు ఎలక్ట్రాన్ వోల్టులకు అటూ ఇటూ ఉండడంతో ఎండలో చాలా భాగం వృథా అవుతుంది. తగరపు వాటికి అది 1.3-1.4, సిద్ధాంతం కోరేదీ దాదాపు అంతే. అయినా 2014లో సుమారు 6 శాతంతో బయలుదేరిన ఈ ఘటాలు ఇప్పటికి 15 శాతం దాటగలిగాయి, అంతే.

కారణం ప్రయోగశాలలో కళ్లారా చూడవచ్చు. గిరగిరా తిరుగుతున్న గాజుపలకపై ప్రతిద్రావణి (పదార్థాన్ని కరిగించక స్ఫటికాలుగా పేరుకునేలా చేసే ద్రవం) పడగానే పొర నల్లబడుతుంది. దాన్ని గాలి చొరకుండా నత్రజని నింపిన పెట్టెలోంచి గాలిలోకి తీస్తే ఆ నలుపు వెలిసిపోతుంది. తగరపు అయాన్ మరో రెండు ఎలక్ట్రాన్లు వదులుకుని ఆక్సీకరణం చెందుతుంది, స్ఫటికంలో తగరపు ఖాళీలు ఏర్పడతాయి, వాటివల్ల పుట్టుకొచ్చే రంధ్రాలు, అంటే ఎలక్ట్రాన్ లేని ధనావేశపు చోట్లు, వెలుగు పుట్టించిన ఎలక్ట్రాన్లను మింగేసి వోల్టేజీని పడగొడతాయి. తగరపు ఫ్లోరైడ్ కలిపితే ఈ ఖాళీలు తగ్గుతాయి. ఫినైల్ ఇథైల్ అమ్మోనియం వంటి పెద్ద అయాన్లు స్ఫటికాలను చక్కగా పేర్చి తేమను కొంత ఆపుతాయి. విడ్డూరమేమిటంటే, మనమంతా వాడే డైమిథైల్ సల్ఫాక్సైడ్ ద్రావణే వేడికి తగరాన్ని ఆక్సీకరిస్తుందని 2020లో తేలింది. అంటే పెట్టెలోకి గాలి చొరకుండా ఎంత కాపలా కాసినా శత్రువు ద్రావణి సీసాలోనే కూర్చున్నాడు.

ఇక్కడ నా గోడు చెప్పుకోక తప్పదు. ఒక పత్రికకు పంపిన వ్యాసంలో, వెలుగులో, వేడిలో, విద్యుత్తు ఇస్తూనే మా ఘటం ఎలా క్షీణించిందో గంటగంటకూ చూపిస్తే, సమీక్షకుడు అడిగింది ఒక్కటే: ఇంతకంటే ఎక్కువ దక్షత ఉన్న ఘటం లేదా అని. చీకట్లో, నత్రజనిలో దాచిన ఘటం చెడలేదని రాసేవారికి ఈ ప్రశ్న ఎదురవదు. చీకటి పరీక్షనూ వెలుగు పరీక్షనూ వేరుగా చూపాలని 2020లో పలువురు పరిశోధకులు కలిసి నియమాలు రాసుకున్నారు కదా, మరి వాటిని ఎవరి కోసం రాసుకున్నట్టు? యువ పరిశోధకులారా, మీరే చెప్పండి!

తగరం కనుక భయం లేదనీ అనుకోకండి. 2016లో జీబ్రా చేపల పిండాలపై జరిపిన పరీక్షలో తగరపు అయొడైడ్ నీటిని ఆమ్లంగా మార్చి వాటికి హాని చేసింది. కాబట్టి సీసం ఉన్నా తగరం ఉన్నా పలకకు గట్టి కవచం కావాలి. మీ తరువాతి వ్యాసంలో మేటి ఘటం పక్కనే ఆ విడతలోని అన్ని ఘటాల సగటునూ, కవచంతో వెలుగులో నిలిచిన గంటలనూ ముద్రించండి. సమీక్షకుడు వద్దన్నా తీసేయకండి.