దొంగ అకౌంట్లను ఆపబోయి హాస్టల్ పిల్లల్ని ఆపేశాం

నమస్తే అండి. హన్మకొండలో నేనూ, ఇద్దరు మిత్రులూ కలిసి ప్రతి ఆదివారం ఆన్‌లైన్‌లో కోడింగ్ పోటీ నడుపుతాం. ఫీజేమీ లేదు. పరకాల, జనగామ, భూపాలపల్లి వైపు నుంచి డిగ్రీ, డిప్లొమా పిల్లలు రాస్తుంటారు. ఈ మధ్య దొంగ అకౌంట్ల బెడదతో సతమతమయ్యాం. అందులో మేం చేసిన తప్పు ఇంకెవరూ చేయకూడదనే ఈ వీడియో.

ఒకరోజు పొద్దున లేచి చూస్తే రాత్రికి రాత్రే వందల రిజిస్ట్రేషన్లు. సంబరపడి ఒక ప్రొఫైల్ తెరిచాను. పేరు చోట అర్థంలేని అక్షరాలు. కాలేజీ చోట జూదం సైటు పేరు. 'మీ గురించి' అన్న గడిలో లోన్ యాప్ లింకు. వాళ్లలో ఒక్కరూ ఒక్క ప్రశ్న కూడా తెరవలేదు.

పోటీ రాయనివాళ్లకు అకౌంటెందుకు? ఆ లింకు కోసం. ఎక్కువ చోట్ల లింకులు కనబడితే సెర్చ్‌లో తమ సైటు పైకొస్తుందని వాళ్ల ఆశ. ఈ లింకును లెక్కలోకి తీసుకోవద్దని సెర్చ్ ఇంజన్లకు చెప్పే 'నోఫాలో' గుర్తును గూగుల్ 2005లోనే తెచ్చింది. మేం అది పెట్టనేలేదు.

టెన్షన్‌లో ఏం చేశామంటే, ఒకే ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో కనెక్షన్‌ను గుర్తించే నంబరు) నుంచి గంటలో ఐదు అకౌంట్లు దాటితే బ్లాక్ అని పెట్టాం. ఆదివారం పోటీకి పది నిమిషాల ముందు ఫోన్. "అన్నా, మా హాస్టల్‌ల ఎవ్వరికీ ఓపెన్ అయితలేదు, టైమ్ అయిపోతోంది" అంటూ ఒకమ్మాయి, గొంతులో ఏడుపు. హాస్టల్ మొత్తానికీ ఒకటే వైఫై. బయటి నుంచి చూస్తే అందరిదీ ఒకటే అడ్రస్. నలభై మంది ఒకేసారి పేరు నమోదు చేసుకుంటే మా ప్రోగ్రాం వాళ్లనూ దొంగలనుకుంది. మొబైల్ డేటాలోనూ అంతే. కంపెనీలు ఒక్క ఐపీ వెనక ఎంతోమందిని పెడతాయి. ఆ రోజు వాళ్లు పోటీ రాయలేకపోయారు. అది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఆ బ్లాక్ తీసేశాం. ఫారంలో కంటికి కనబడని గడి ఒకటి పెట్టాం. మనుషులకు కనబడదు కాబట్టి ఖాళీగా వదిలేస్తారు, బాట్, అంటే తనంతట తానే ఫారాలు నింపే ప్రోగ్రాం మాత్రం నింపేస్తుంది. ఆ గడికి ఈమెయిల్, ఫోన్ లాంటి పేర్లు పెట్టకండి. బ్రౌజర్ తనంతట తానే నింపేస్తే మంచివాళ్లూ దొరికిపోతారు. ఇక మెయిల్‌కు వచ్చే లింకు నొక్కితేనే అకౌంట్ మొదలవుతుంది. అన్నిటికంటే బాగా పనిచేసింది ఇంకొకటి: కనీసం ఒక ప్రశ్నకు సరైన జవాబు పంపేదాకా ప్రొఫైల్ బయటికి కనబడదు, లింకు పెట్టే వీలూ ఉండదు.

క్యాప్చా, అంటే మనిషేనని రుజువు చేసుకోవడానికి బొమ్మలు ఏరమనే పరీక్ష, పెట్టొచ్చు కదా అంటారు. డబ్బులిచ్చి మనుషులతో క్యాప్చాలు చేయించే దందా ఎప్పటి నుంచో ఉంది. పగిలిన ఫోన్ తెరమీద, సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నచోట ఆ బొమ్మలు ఏరాల్సింది మన పిల్లలే.

ఒక్కడే పది అకౌంట్లు తెరిచి, ఒకదాంతో ప్రశ్నలు చూసి ఇంకోదాంతో జవాబిచ్చే బాపతు వేరు. జీమెయిల్ అడ్రస్ మధ్యలో ఎన్ని చుక్కలు పెట్టినా మెయిల్ ఒకే పెట్టెకు వెళ్తుంది, అంటే ఒక్క మెయిల్‌తోనే చుక్కలు మార్చి వేర్వేరు అకౌంట్లు తెరవొచ్చు. అందుకే జీమెయిల్ అడ్రస్‌లకు మాత్రం చుక్కలు తీసేసి పోల్చి చూస్తున్నాం.

ఇన్ని చేసినా, అనుమానం ఉన్న అకౌంట్‌ను ప్రోగ్రాం తీసేయదు. శనివారం రాత్రి మేం ముగ్గురం కూర్చుని ఒక్కొక్కటీ చూస్తాం. పోయినవారం ఒక పేరు కీబోర్డు మీద వేళ్లు ఆడించినట్టుంది. తీసేయబోతుంటే మా వాడు ఆగమన్నాడు. తెరిచి చూస్తే మూడు ప్రశ్నలకు జవాబులు పంపి ఉన్నాయి, మూడూ సరైనవే. మెసేజ్ పెడితే, "ఓడిపోతే కాలేజీల నవ్వుతరని అసలు పేరు పెట్టలేదన్నా" అన్నాడు. ఆ పేరుతోనే రాయమని చెప్పాం.