మధ్య కట్టలోని మనిషి

(కొత్త పరిశోధక విద్యార్థుల పరిచయ సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నేను పీహెచ్‌డీలో చేరిన రోజు ఫారంలో 'విభాగం' అని ఒక గడి ఉంది. గణితం అని రాశాను. కో-గైడ్ దగ్గర కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్ పేరు, సలహా కమిటీలో లా కాలేజీ ఆవిడ పేరు రాశాను. సెక్షన్‌లో కూర్చున్న గుమస్తా ఆ ఫారం అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంతకీ మీ ఫైలు ఏ బీరువాలో పెట్టమంటారు సార్?" అన్నాడు. అప్పుడు నవ్వొచ్చింది. తర్వాత ఐదేళ్లూ అందరూ నన్ను అడిగింది అదే ప్రశ్న.

ఇంట్లో మా మేనమామ ఇంకాస్త సూటిగా చెప్పాడు. "రెంటికీ చెడ్డ రేవడి అని విన్నాం గానీ, నువ్వు మూడింటికీ చెడేట్టున్నావురా" అన్నాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు. నా మొదటి పేపర్‌ను గణితం జర్నల్ తిప్పి పంపింది, సిద్ధాంతం మరీ తేలిక అని. అదే పేపర్‌ను కంప్యూటర్ సైన్స్ సదస్సు తిప్పి పంపింది, ప్రయోగాలు చాలలేదని. లా పత్రిక సంపాదకుడు మాత్రం మర్యాదగా రాశాడు: "మూడో పేజీ దాటి చదవలేకపోయాను. ఫుట్‌నోట్లు ఏవి?"

ఈ మూడింటినీ కలపడం ఇప్పుడొచ్చిన ఫ్యాషన్ అనుకుంటారు కొందరు. కాదు. 1666లో లైబ్‌నిట్జ్ అనే ఇరవై ఏళ్ల కుర్రాడు జర్మనీలో లా డాక్టరేట్ కోసం తిరుగుతున్నాడు. సొంత ఊరు లైప్‌జిగ్‌లోని విశ్వవిద్యాలయం ఇవ్వలేదు. వయసు చాలదన్నారని చెబుతారు. న్యూరెంబర్గ్ దగ్గరున్న ఆల్ట్‌డార్ఫ్ విశ్వవిద్యాలయానికి వెళ్లి థీసిస్ ఇచ్చాడు. విషయం, చట్టంలోని చిక్కు కేసులు. ఎంత చిక్కు కేసైనా చీటీలు వేసి తేల్చకూడదు, జడ్జిగారి ఇష్టానికీ వదలకూడదు, చట్టంలోంచే తర్కంతో జవాబు లాగాలి అని వాదించాడు. అదే ఏడాది ప్రస్తార గణితం మీద పుస్తకం అచ్చు వేశాడు. కలనగణితం, లెక్కలు చేసే యంత్రం, ఒకట్లూ సున్నాల లెక్క మీద వ్యాసం అన్నీ ఆ తర్వాతి సంగతులు. ఆయన్ని మనం లెక్కల మనిషిగానే గుర్తుపెట్టుకున్నాం. చేతిలో ఉన్న డాక్టరేట్ మాత్రం లాలో.

మీరేమీ లైబ్‌నిట్జ్‌లు కానక్కర్లేదు. మూడు శాస్త్రాలూ నేర్చుకోవాలని కూర్చుంటే ఫెలోషిప్ అయిపోతుంది గానీ చదువు అవదు. నాకు తెలిసి ఈ రంగంలో నిలబడిన పని ఏది చూసినా, అది ఒక్క మాటను పట్టుకుని చేసిన పనే. ముగ్గురూ వాడే మాట, ముగ్గురూ మూడు అర్థాల్లో వాడే మాట. మన తెలుగులో 'రుజువు' చూడండి. లెక్కల మాస్టారి రుజువుకు తిరుగు లేదు. కోర్టు రుజువును పైకోర్టు కొట్టేయొచ్చు. ప్రోగ్రామర్ని రుజువు అడిగితే, "నా మెషీన్‌లో పనిచేసిందండీ" అంటాడు.

'గుర్తుపట్టడం' అలాంటి మాటే. 1990ల మధ్యలో అమెరికాలోని మసాచుసెట్స్‌లో ప్రభుత్వ ఉద్యోగుల ఆసుపత్రి రికార్డులను పేర్లు తీసేసి, పుట్టినతేదీ, పిన్‌కోడ్, ఆడా మగా అన్నవి మాత్రం ఉంచి పరిశోధకులకు ఇచ్చారు. పేర్లు లేవు కాబట్టి భయం లేదని గవర్నర్ విలియం వెల్డ్ భరోసా ఇచ్చారు. అప్పుడు ఎంఐటీలో కంప్యూటర్ సైన్స్ చదువుతున్న లటాన్యా స్వీనీ అనే విద్యార్థిని 20 డాలర్లు పెట్టి కేంబ్రిడ్జ్ ఓటర్ల జాబితా కొన్నది. గవర్నర్‌గారిది ఆ ఊరే. ఆయన పుట్టినరోజున పుట్టినవాళ్లు ఆ జాబితాలో ఆరుగురు తేలారు. అందులో మగవాళ్లు ముగ్గురు. ఆయన పిన్‌కోడ్‌లో ఉన్నది ఒక్కరే. ఆ ఒక్కరి ఆసుపత్రి కాగితాలను గవర్నర్‌గారి ఆఫీసుకే పంపింది. పుట్టినతేదీ, పిన్‌కోడ్, ఆడా మగా అన్న మూడు వివరాలతోనే అమెరికా జనాభాలో 87 శాతం మందిని విడిగా గుర్తుపట్టవచ్చని కూడా ఆవిడ లెక్క కట్టింది.

ఆ 87 శాతాన్ని తెచ్చి మన దేశానికి అంటించేవాళ్లు ఇంకా కనిపిస్తుంటారు. మా అమ్మానాన్నల తరంలో బళ్లో వేసేటప్పుడు పుట్టినతేదీ ఎవరు రాశారు? మాస్టారు. జూన్ ఒకటనో, జూలై ఒకటనో ఒకే తేదీ తరగతి మొత్తానికీ రాసి పారేశారు. అమెరికా లెక్కలో పుట్టినతేదీకి ఉన్న బలం ఆ తరం దగ్గర ఉండదు. లెక్క కింద ఊరుంటుంది. ఊరు మారితే లెక్క మళ్లీ మొదలు.

యూరప్ డేటా చట్టం జీడీపీఆర్‌లో ఒక మనిషిని 'గుంపులోంచి వేరుచేయడం' అనే మాట ఉంది. అంటే ఏమిటో చట్టం విప్పి చెప్పలేదు. 2014లో యూరప్ డేటా నియంత్రణ సంస్థల సలహా బృందం ఒకటి, కె-అనామకత అనే పాత పద్ధతిలో (ఒక్కో మనిషి వివరాలు కనీసం ఇంకొందరి వివరాల్లాగే కనిపించేట్టు చేయడం) ఈ ప్రమాదం ఉండదని, డిఫరెన్షియల్ ప్రైవసీ అనే కొత్త పద్ధతిలో (జవాబుల్లో కొలిచి కాస్త గందరగోళం కలపడం) ఉండకపోవచ్చునని రాసింది. అలోనీ కోహెన్, కోబీ నిస్సిమ్ అనే ఇద్దరు ఆ మాటకు గణిత నిర్వచనం ఇచ్చి చూశారు. జవాబు తిరగబడింది! పాత పద్ధతి ఆపలేదు, కొత్తది ఆపింది. కోహెన్ 2019లో ఎంఐటీలో పీహెచ్‌డీ పూర్తి చేశాడు, ఈ పని కూడా ఆ రోజుల్లోదే. చట్టంలోని ఒక్క మాట అర్థాన్ని సిద్ధాంతం రాసి తేల్చడానికి చూడటం, నియంత్రణ సంస్థ మాట తప్పని చూపించడం! ఆ పేపర్ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఫ్రాన్స్ వాళ్లు పట్టుకున్న మాట 'అయితే'. ఏ చట్టమైనా తీయండి, ముందు ఒక నియమం చెబుతుంది, వెంటనే "అయితే" అని మినహాయింపు, ఆ మినహాయింపుకు ఇంకో సెక్షన్‌లో మరో మినహాయింపు. ప్రోగ్రామర్ దాన్ని చదివి, మనసులో తిరగేసి, తనకు తోచిన వరసలో రాస్తాడు. దెనీ మెరిగూ అనే ఆయన తన డాక్టరేట్ పనిలో క్యాటలా అనే ప్రోగ్రామింగ్ భాషను తయారు చేశాడు. ఇందులో చట్టం పాఠాన్ని పక్కనే పెట్టుకుని, పేరా కింద పేరాగా కోడ్ రాస్తారు. నియమం, మినహాయింపు ఉన్నవి ఉన్నట్టే కోడ్‌లోకి దిగుతాయి. దాని అడుగున ఉన్నది 1980లో రేమండ్ రైటర్ రాసిన, 'మినహాయింపు తగలనంతవరకూ నియమమే' అనే తర్కం. లాయరూ ప్రోగ్రామరూ ఒకే స్క్రీన్ ముందు కూర్చుని రాయాలి. పిల్లలున్న కుటుంబాలకు ఫ్రెంచ్ ప్రభుత్వం ఇచ్చే భత్యం లెక్కను ఇలా రాస్తుంటే, అధికారికంగా వాడుతున్న ప్రోగ్రాంలోనే ఒక తప్పు బయటపడింది. 2021లో ఈ పని అచ్చయింది.

ఇక నా మాటకొస్తాను. నేను పట్టుకున్నది 'ఒకే మనిషి'. రెండు జాబితాల్లో రెండు పేర్లున్నాయి. ఇద్దరూ ఒకరేనా?

తెలంగాణలో 2016 నుంచి రద్దయిన దాదాపు 19 లక్షల రేషన్ కార్డులను ఇంటింటికీ వెళ్లి మళ్లీ చూడమని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అవన్నీ సాఫ్ట్‌వేర్ వల్లే పోయాయని నేననను. కానీ రాష్ట్ర ప్రభుత్వం వాడిన సమగ్ర వేదిక అనే వ్యవస్థ చేసే పనే వేర్వేరు శాఖల జాబితాల్లోని పేర్లను కలిపి చూడటం. పేరు దగ్గరగా ఉన్న వేరే ఎవరి కారో తమ లెక్కలో పడి, "మీకు కారుంది" అని బియ్యం ఆగిపోయినవాళ్ల కథలు పత్రికల్లో వచ్చాయి.

పేర్లు ఎంత దగ్గరో కొలవడానికి 1965లో లెవెన్‌స్టైన్ చెప్పిన పద్ధతి ఉంది. ఒక పేరును ఇంకో పేరుగా మార్చడానికి ఎన్ని అక్షరాలు చేర్చాలి, తీయాలి, మార్చాలి అన్నది లెక్క. మన పేర్లను ఇంగ్లీషులో రాసి కొలిచి చూడండి. లక్ష్మిని కొందరు ఎక్స్‌తో రాస్తారు, కొందరు కె, ఎస్, హెచ్ పెట్టి రాస్తారు. అదే లక్ష్మి, దూరం 3. రమేష్‌లో ఎం తీసి కె పెడితే రాకేష్. ఇద్దరు మనుషులు, దూరం 1! సరే, అక్షరం వద్దు, ఉచ్చారణతో పోల్చుదామని 1918లోనే అమెరికాలో పేటెంట్ తీసుకున్న సౌండెక్స్ వాడారనుకోండి. లక్ష్ములిద్దరూ కలుస్తారు. కానీ అది మొదటి అక్షరాన్ని ముట్టుకోదు కాబట్టి, 'ఈ'తో రాసుకున్న ఎల్లమ్మ, 'వై'తో రాసుకున్న ఎల్లమ్మ ఇద్దరు వేరు మనుషులైపోతారు.

దీనికి గట్టి గణితం 1969లో వచ్చింది. ఫెలెగి, సంటర్ అని కెనడా ప్రభుత్వ గణాంక శాఖలో పనిచేసిన ఇద్దరు రాశారు. సులువుగా చెప్పాలంటే, అరుదైన పేరు కలిస్తే ఎక్కువ మార్కులు, అందరికీ ఉండే పేరు కలిస్తే తక్కువ. 'వెంకట' కలిసినంత మాత్రాన ఏముంది, ప్రతి వీధిలో ఇద్దరుంటారు. మార్కులన్నీ కూడి, పై గీత దాటితే ఒకే మనిషి అంటారు. కింది గీతకు దిగువనుంటే వేరు మనుషులు. ఈ కూడికలో ఇంటిపేరు కలవడం, ఊరు కలవడం ఒకదానితో ఒకటి సంబంధం లేని సంగతులన్న ఊహ ఉంది. మా ఊళ్లో సగం ఇళ్లది ఒకటే ఇంటిపేరు. పైగా తాత పేరు మనవడికి పెడతాం. ఇంటిపేరు, పేరు, ఊరు, ఇంటి నంబరు అన్నీ కలిసి, మనుషులు మాత్రం ఇద్దరు. ఒకాయన పింఛను తీసుకుంటాడు, ఇంకొకడు బైకు కొన్నాడు.

కానీ ఆ పేపర్లో నన్ను ఆపేసిన సంగతి వేరే ఉంది. రెండు గీతలున్నాయన్నాను కదా. మరి మధ్యలో పడినవాళ్లో? వాళ్లను పక్కన ఒక కట్టగా పెట్టి, మనిషి కూర్చుని చూడాలని ఆ సిద్ధాంతమే చెబుతోంది. ఇద్దర్ని ఒకరనడం, ఒకర్ని ఇద్దరనడం అనే రెండు రకాల తప్పులకు ముందే హద్దులు పెట్టుకుంటే, ఆ మధ్య కట్టను వీలైనంత చిన్నది చేసే పద్ధతి ఇదీ అని నిరూపించడమే ఆ పేపర్ చేసిన పని. దాన్ని సున్నా చేయమనలేదు. చూసే సిబ్బంది లేని ఆఫీసులో ఏం చేస్తారు? రెండు గీతలనూ జరిపి ఒకటి చేసేస్తారు. మధ్య కట్ట మాయమవుతుంది. ప్రోగ్రాం వేగంగా నడుస్తుంది. కట్టలోని మనుషులు మాత్రం ఎక్కడికీ పోరు, ఎటోవైపు తోయబడతారు.

ఈ బొమ్మ బోర్డు మీద గీసి మా లా మేడంకు చూపించాను. ఆవిడ రెండు నిమిషాలు చూసి, "ఇది మేనకా గాంధీ కేసు కదయ్యా" అన్నారు. నాకు అర్థం కాలేదు. 1978 నాటి ఆ తీర్పులో పాస్‌పోర్టు లాక్కునే ముందు మనిషి మాట వినాలా వద్దా అన్నది ప్రశ్న, హక్కును తీసేసే పద్ధతి న్యాయంగా ఉండాలన్నది జవాబు. 2013 ఆహార భద్రత చట్టం తర్వాత బియ్యం కూడా దయ కాదు, హక్కు. "నువ్వు మధ్య కట్ట అంటున్నదాన్ని మేం నోటీసు, విచారణ అంటాం. అది చెరపడానికి వీల్లేదు" అన్నారు. ఆ తర్వాత అడిగిన ప్రశ్నతో నా థీసిస్ మొదలైంది: "సరే, ఆ రెండు తప్పుల హద్దులు ఎవరు పెట్టారు?"

ఎవరూ పెట్టలేదు. సిద్ధాంతం అవి బయటి నుంచి వస్తాయంటుంది. కోడ్‌లో గీత దగ్గర ఎవరో 0.8 అని రాసి ఉంటారు. ఎందుకు 0.8 అని అడిగితే, పాత ప్రోగ్రాంలోనూ అదే ఉందండీ అంటారు. పరీక్షలో 95 శాతం సరిగ్గా వచ్చిందని సంతోషిస్తారు. మిగతా అయిదు శాతం లెక్కలవాడికి సంభావ్యత, ప్రోగ్రామర్‌కు వచ్చే వెర్షన్‌లో చూసుకునే సంగతి, కోర్టుకు మాత్రం పేరూ ఊరూ ఉన్న పిటిషనర్.

మీకు పనికొచ్చే ముక్క ఒకటి. కో-గైడ్ లా మనిషైతే సినాప్సిస్ రాశాక చూపించకండి, రాయకముందే వెళ్లండి. రాశాక వెళితే వాళ్లు చివర్లో 'చట్టపరమైన అంశాలు' అని ఒక చాప్టర్ రాయమంటారు. ఆ చాప్టర్ ఎవరూ చదవరు, వైవాలో కూడా. ఇంకొకటి, ఎగ్జామినర్ల టెన్షన్. మూడు రంగాల నుంచి ముగ్గురు దొరికితే, ఒక్కొక్కరూ తమది కాని రెండు భాగాలూ బాగున్నాయంటారు. అది మెచ్చుకోలు అనుకోకండి.

నా థీసిస్‌లో తేల్చకుండా వదిలేసింది ఒకటుంది. మధ్య కట్టలో పడిన మనిషి ఫైలు తేలేదాకా ఎన్ని నెలలైనా పట్టొచ్చు. ఆ నెలల్లో బియ్యం ఇస్తారా, ఆపుతారా? ఆపితే, ఆ కట్టలో ఉండటమే ఒక శిక్ష. అప్పుడు కట్టలోకి తోయడాన్నే మూడో రకం తప్పుగా లెక్కలో రాయాలి. ఇస్తూ ఉంటే ఆలస్యం ఖర్చు మనిషి మీంచి ఆఫీసు మీదికి జరుగుతుంది, రెండు గీతలూ జరుగుతాయి. ఎటు, ఎంత అన్నది గణితం. నెలలను కోడ్ లెక్కపెట్టాలి, ఎన్ని నెలలు ఎక్కువ అన్నది చట్టం చెప్పాలి. నా దగ్గర పదకొండు పేజీల నోట్సు ఉంది, సగంలో ఆగింది. ఎనిమిదో పేజీలో ఒక తప్పు కూడా ఉందని అనుమానం. ఎవరికైనా కావాలంటే టీ దగ్గర కలవండి, ఇస్తాను.